డఫ్ అని చదివిన పిల్ల తప్పు చదవలేదు

పోయిన ఆదివారం మా మేనకోడలు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. ఓ-యూ-జీ-హెచ్ అనే నాలుగు అక్షరాలూ వరసగా వచ్చే ఐదక్షరాల ఇంగ్లిష్ మాటలు రాసుకురమ్మని బడిలో చెప్పారట. ఇలాంటి జాబితాలు నెట్‌లో కుప్పలుగా దొరుకుతాయి కదా, అందులో ఒకటి తీసి ఎక్కించేసింది. కాఫ్, డో, రఫ్, టఫ్, బౌ, వాటి పక్కనే లాఖ్, హాక్, సౌ లాంటి, నేనే ఎప్పుడూ వాడని మాటలు. అన్నీ చక్కగా, గుండ్రటి చేతిరాతతో.

ఏదీ చదువు అన్నాను. కాఫ్ సరిగ్గా చదివింది, దగ్గు అని తెలుసు కాబట్టి. రఫ్, టఫ్ కూడా తెలిసినవే. అదే ఊపులో డో అనాల్సిన మాటని డఫ్ అంది, బౌ అనాల్సినదాన్ని బఫ్ అంది.

"డఫ్ కాదమ్మా, డో. పిండిముద్ద."

"ఎందుకు మామయ్యా? రఫ్‌కీ దీనికీ మొదటి అక్షరం ఒక్కటే కదా తేడా?"

"అదంతే. ఇంగ్లిష్ అంతే. బట్టీ పట్టెయ్."

తను ఇంకేమీ అడగలేదు. కాగితం మడుచుకుని వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ మడత దగ్గరే మనసు ఆగిపోయింది. ఎందుకంటే ఆ మాట నాది కాదు. నా చిన్నప్పుడు నైట్ అనే మాటని ఎన్-ఐ-టీ-ఈ అని రాస్తే మా టీచర్ ఎర్రపెన్నుతో సున్నా చుట్టి, పదిసార్లు సరిగ్గా రాయించి, "జీ, హెచ్ సైలెంట్, అంతే" అన్నారు. ఆ "అంతే" నాలో ఇన్నేళ్ళు దాక్కుని ఉండి, ఎదురుగా ఒక మంచి ప్రశ్న కనిపించగానే బయటికి వచ్చింది. నిజానికి ఆ పిల్ల డఫ్ అనడం తప్పు కూడా కాదు. అది తర్వాత చెప్తాను.

నాలుగు రోజులుగా ఇదే ఆలోచిస్తున్నాను. ఒకే అక్షరాల గుంపు ఉన్న మాటల్ని ఒకచోట పెట్టి చూడటం చాలా మంచి పద్ధతి, అందులో నాకు అనుమానం లేదు. కానీ వాటిని పొడవుని బట్టి కత్తిరించి, ఉచ్చారణ చెప్పకుండా, ఆ అక్షరాలు అక్కడికి ఎలా వచ్చాయో చెప్పకుండా పిల్లల చేతికి ఇవ్వడం దండగ. దండగ కూడా కాదు, నష్టం. భాషకి ఏ క్రమమూ లేదని, అడగడం అనవసరమని వాళ్ళకి నేర్పుతున్నాం.

ఆటకి పొడవు కావాలి, చదువుకి కాదు

ఐదక్షరాల జాబితాలు ఇంతగా పెరగడానికి కారణం అందరికీ తెలిసిందే, వర్డల్. దాచిన ఐదక్షరాల ఇంగ్లిష్ మాటని ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టే ఆన్‌లైన్ ఆట అది. కొట్టిన అక్షరం సరైన చోట ఉంటే ఆకుపచ్చ, మాటలో ఉన్నా వేరే చోట ఉంటే పసుపు. 2021 అక్టోబర్‌లో జోష్ వార్డల్ దాన్ని అందరికీ అందుబాటులో పెట్టాడు, 2022 జనవరి చివరికల్లా న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. నేనూ రోజూ ఆడతాను. జాబితా చూసి ఆడటం మోసం అనేవాళ్ళున్నారు, నేను అలా అనుకోను. ఆటలో జాబితాకి నిజంగా పని ఉంది.

ఉదాహరణకి ఐ-జీ-హెచ్-టీ గుంపు చూడండి. మొదటి ప్రయత్నంలో లైట్ అని కొట్టారు. చివరి నాలుగు అక్షరాలూ ఆకుపచ్చ. సంతోషంగా ఉంటుంది గానీ అసలు టెన్షన్ అక్కడే మొదలు. రోజూ వాడే మాటల్లోనే ఇంకా ఏడు ఉన్నాయి: ఎయిట్, ఫైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్. మీకు మిగిలింది ఐదు ప్రయత్నాలు. దొరికిన అక్షరాలు వదలకూడదనే హార్డ్ మోడ్‌లో ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోవాలి, ఎలా పోయినా రెండు మాటలు మిగిలిపోతాయి. మామూలు మోడ్‌లో అయితే దారి ఉంది. రెండో ప్రయత్నంలో టర్మ్స్ అని కొట్టండి. టీ ఆకుపచ్చగా వస్తే టైట్. ఈ పసుపైతే ఎయిట్. ఆర్ పసుపైతే రైట్, ఎమ్ అయితే మైట్, ఎస్ అయితే సైట్. వీటిలో ఏదీ కాకపోతే ఫైట్, నైట్ రెండే మిగులుతాయి. గెలవడం కోసమే తెలిసి తెలిసి తప్పు జవాబు కొట్టడం ఇది, కానీ జాబితా మొత్తం తలలో ఉంటేనే ఈ ఎత్తు తడుతుంది.

అయితే ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఇంగ్లిష్‌లో ఐదక్షరాల మాటలు సుమారు 12,000 ఉన్నాయని లెక్క వేసుకుని, వాటన్నిటినీ జవాబులుగా పెడితే ఎవరికీ తెలియని మాటలతో ఆట చచ్చిపోతుందని గమనించి, వార్డల్ ఆ జాబితాని తన జీవిత భాగస్వామి పలక్ షా చేతికిచ్చాడు. ఆవిడ ఒక్కో మాటా చూసి తెలిసినది, తెలియనిది అని వేరు చేస్తే సుమారు 2,500 మిగిలాయి. అంటే ఆట ఆటగా మారింది ఒక మనిషి కూర్చుని జల్లెడ పట్టాకే. ఆటకే ఇంత జల్లెడ అవసరమైతే, పిల్లల నోట్‌బుక్‌లోకి వెళ్ళే జాబితాకి ఎవరూ జల్లెడ పట్టకపోవడం ఏమిటి? మా మేనకోడలి కాగితంలో డో, లాఖ్ ఒకే వరసలో ఉన్నాయి. ఒకటి రేపు వంటింట్లో వినే మాట, ఇంకొకటి ఐర్లండ్ సరస్సుల పేర్లలో తప్ప కనపడని మాట. రెండూ ఐదక్షరాలే, జాబితా తయారుచేసిన యంత్రానికి తెలిసింది అదొక్కటే.

పొడవుతో వచ్చే నష్టం ఇంకా ఉంది. ఐదు అని గీత గీస్తే రఫ్ లోపల ఉంటుంది, దాని తోబుట్టువు ఇనఫ్ బయటికి పోతుంది. డో లోపల, దానితో ప్రాస కలిసే దో బయట. థ్రూ, థాట్, థరో, అన్నీ బయటే. ఎయిట్ లోపల ఉంటుంది, దానిలాగే పలికే వెయిట్, ఫ్రెయిట్ బయట ఉంటాయి. కుటుంబ ఫొటో తీస్తూ ఎత్తు సరిపోలేదని సగం మందిని గదిలోంచి పంపించినట్టుంది.

ఆ రెండక్షరాలు ఒకప్పుడు పలికేవి

సైలెంట్ అనే మాటతోనే నాకు పేచీ. ఇప్పుడు మూగవి అంటే సరే. మొదటినుంచీ మూగవి అన్నట్టు చెప్పడం అబద్ధం.

పాత ఇంగ్లిష్‌లో రాత్రిని నిహ్ట్ అనేవాళ్ళు, ఆ హ్ గొంతులోంచి గరగరమంటూ, మన ఖ్‌కి దగ్గరగా పలికేది. వెలుతురుకీ, కుడికీ, పోరుకీ అదే ధ్వని. రాసేటప్పుడు హెచ్ ఒక్కటే రాసేవారు. 1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచాక, ఫ్రెంచ్ అలవాట్లున్న లేఖకుల కాలంలో ఆ ధ్వనికి మెల్లగా జీ-హెచ్ అనే జంట స్థిరపడింది. అంటే జీ-హెచ్ అలంకారానికి పెట్టింది కాదు, వినపడిన ధ్వనిని సరిగ్గా రాయాలని పెట్టింది. ఇప్పటికీ స్కాట్లండ్ పలుకులో రాత్రి నిఖ్ట్, వెలుతురు లిఖ్ట్. జర్మన్‌లో రాత్రి నాఖ్ట్, ఎనిమిది ఆఖ్ట్. చుట్టాలందరి ఇళ్ళలో ఆ ధ్వని బతికే ఉంది. ఇంగ్లిష్ వాళ్ళ నోట్లో మాత్రం అది అరిగిపోయింది, పోతూ పోతూ ముందున్న అచ్చుని సాగదీసింది. నిఖ్ట్ నీట్ అయింది, ఆ తర్వాత దీర్ఘాచ్చులన్నీ జరిగిన పెద్ద మార్పులో నీట్ కాస్తా నైట్ అయింది. ఈ జరుగుబాటు మధ్యలోనే, 1476లో కాక్స్‌టన్ అనే ముద్రాపకుడు లండన్ పక్కనున్న వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. నోరు కదిలిపోతున్న రోజుల్లో రాత గడ్డకట్టడం మొదలైంది. ఈ కథంతా పదేళ్ళ పిల్లకి ఒక నిమిషంలో చెప్పొచ్చు.

ఇక ఓ-యూ-జీ-హెచ్ సంగతి. ఇక్కడ ఆ గొంతు ధ్వని ఒక్క దారిన పోలేదు. కొన్ని ప్రాంతాల్లో పూర్తిగా రాలిపోయింది, కొన్ని ప్రాంతాల్లో పెదవుల దగ్గరికి వచ్చి ఫ్ అయింది. అందరికీ ప్రమాణమైన ఇంగ్లిష్ తయారయ్యేటప్పుడు కొన్ని మాటలు ఒక ప్రాంతం పలుకుతో, కొన్ని ఇంకో ప్రాంతం పలుకుతో వచ్చి చేరాయి. రఫ్, టఫ్, కాఫ్ ఒక పక్క, డో, బౌ ఇంకో పక్క. అంతేగానీ ఎవరో కావాలని మెలికలు పెట్టలేదు.

ఇప్పుడు ఆ డఫ్ సంగతి. ఉత్తర ఇంగ్లండ్‌లో డో అనే మాటని డఫ్ అనే పలికేవాళ్ళు. పిండిముద్దని గుడ్డలో కట్టి ఉడికించే పుడ్డింగుకి డఫ్ అనే పేరు అలాగే వచ్చింది, డిక్షనరీలో ఇప్పటికీ డీ-యూ-ఎఫ్-ఎఫ్ అని వేరే మాటగా ఉంది. మా మేనకోడలు రఫ్‌ని చూసి లెక్కకట్టి పలికిన పలుకు, ఒక ప్రాంతం జనం నిజంగా పలికిన పలుకు. ఆ పిల్ల బుర్ర భాష నడిచిన దారిలోనే నడిచింది. నేను దాన్ని "కాదమ్మా" అని కొట్టేశాను. ఇది తెలుసుకున్న రాత్రి నాకు నిజంగా బాధేసింది.

మనకి అరసున్న ఉన్నట్టే

ఇదంతా పరాయి గొడవలా అనిపిస్తే మన రాత వైపు చూడండి. వాఁడు, మూఁడు, ఏఁడు అని పాత పుస్తకాల్లో అరసున్న కనిపిస్తుంది. చాలామంది దాన్ని పండితులు పెట్టిన చాదస్తం అనుకుంటారు. కానీ అక్కడ ఒకప్పుడు అనునాసికం, అంటే ముక్కుతో పలికే ధ్వని, నిండుగా పలికేది. మూడుని తమిళంలో మూన్ఱు అంటారు, ఆ న్ ఇంకా అక్కడ వినపడుతూనే ఉంది. మన నోట్లో కూడా పూర్తిగా పోలేదు, వాడుకి బహువచనం వాండ్లు అనేవాళ్ళున్నారు, ఏడాది అనే అర్థంలో ఏడుకి బహువచనం ఏండ్లు అంటాం. మాట బహువచనంలోకి వెళ్ళగానే పోయిందనుకున్న సున్న తిరిగి వస్తుంది. పైగా అరసున్న రాసే రోజుల్లో ఏడు అంటే అంకె, ఏఁడు అంటే సంవత్సరం. పలకడం ఒకటే, రాతలో తేడా. రాత్రి అనే నైట్‌కీ, యోధుడు అనే నైట్‌కీ కే అక్షరం చేసే పని ఇదే కదా. ఆ కే కూడా ఒకప్పుడు పలికినదే.

ఇక్కడే నాకు నా వాదన మీద నాకే అనుమానం వచ్చింది. మనం అరసున్నని వదిలేశాం. ఏం నష్టపోయాం? ఏడు అంటే అంకె అయినా ఏడాది అయినా సందర్భం చెప్తోంది. చదవడం తేలికైంది. మరి ఇంగ్లిష్ వాళ్ళు కూడా జీ-హెచ్‌ని వదిలేస్తే సరిపోదా? ఈ కథలు చెప్పి పాత బరువుని ఇంకా మోయించడం ఎందుకు?

వాళ్ళూ ప్రయత్నించకపోలేదు. డిక్షనరీ రాసిన నోవా వెబ్‌స్టర్ చలవతో అమెరికాలో నాగలి పీ-ఎల్-ఓ-డబ్ల్యూ అయింది, డ్రాఫ్ట్ ఏ-ఎఫ్-టీ అయింది. 1906లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 300 మాటలకి సులువైన స్పెల్లింగులు వాడమని ప్రభుత్వ ముద్రణాలయానికి ఆదేశం ఇచ్చాడు, కాంగ్రెస్ ఎదురుతిరగడంతో కొన్ని నెలల్లోనే వెనక్కి తగ్గాడు. షికాగో ట్రిబ్యూన్ పత్రిక 1934 నుంచి థ్రూని టీ-హెచ్-ఆర్-యూ అని రాస్తూ వచ్చి 1975లో చాలించుకుంది. రోడ్డు పక్క బోర్డుల మీద, సీసాల మీద లైట్‌ని ఎల్-ఐ-టీ-ఈ అని రాస్తూనే ఉన్నారు. నా చిన్నప్పటి తప్పు లాంటిదే అది. కాబట్టి జీ-హెచ్ ఉండాలా పోవాలా అన్నది నేను తేల్చే విషయం కాదు, పోతే నాకు అభ్యంతరం కూడా లేదు. కానీ ఇవాళ ఉంది. పిల్లలు ఇవాళ దాన్ని రాయాలి. ఉన్నంతకాలం అది ఎందుకు ఉందో చెప్పడం మన బాధ్యత.

తప్పుడు గుర్తులు

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. అన్ని అక్షరాలూ నిజమైన గుర్తులు కావు. డిలైట్ చూడండి. అది ఫ్రెంచ్ నుంచి వచ్చిన మాట, దాంట్లో గొంతు ధ్వని ఎప్పుడూ లేదు. 16వ శతాబ్దంలో లైట్‌ని చూసి దానికీ జీ-హెచ్ తగిలించారు. ఎక్కిళ్ళని హికప్ అంటూనే చివర కాఫ్ స్పెల్లింగుతో రాసే అలవాటు కూడా ఇలాంటిదే, దగ్గుతో సంబంధం ఉందనుకుని కలిపేశారు. గోస్ట్‌లో హెచ్ అయితే ఫ్లెమిష్ (బెల్జియం ప్రాంతపు డచ్) రాత ప్రభావంతో అచ్చుశాలలోంచి వచ్చింది. మరి చరిత్ర చెప్పి నేర్పుతాను అని కూర్చుంటే ఈ దొంగ గుర్తుల్ని ఏం చేస్తాం?

నాకు మాత్రం ఇవి నా వాదనకి అడ్డు అనిపించడం లేదు. డిలైట్‌కి జీ-హెచ్ ఎందుకు వచ్చింది? జనం కూడా మాటల్ని గుంపులుగానే చూస్తారు కాబట్టి. ప్రాస కలిసిన మాటకి అదే చొక్కా తొడిగారు. అక్షరాల గుంపు మనుషుల మనసుల్లో నిజంగా ఉంటుంది అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

గోస్ట్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. రఫ్‌లో జీ-హెచ్, విమెన్‌లో ఓ, నేషన్‌లో టీ-ఐ తీసుకుని కలిపితే ఫిష్ అని చదవొచ్చని 19వ శతాబ్దం నుంచీ ఒక వెక్కిరింపు నడుస్తోంది. ఇంగ్లిష్‌కి పద్ధతి లేదనడానికి అందరూ దాన్నే చూపిస్తారు. అది పూర్తిగా అన్యాయం. మాట మొదట్లో జీ-హెచ్ ఎప్పుడూ ఫ్ అని పలకదు, గ్ అనే పలుకుతుంది. గోస్ట్, గూల్, ఘెట్టో, ఏది చూసినా అంతే. ఫ్ కావాలంటే ముందు అచ్చు ఉండాలి. అక్షరాలు ఏవి అన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడున్నాయి అన్నదీ అంతే ముఖ్యం. గుంపులుగా చూస్తే ఈ నియమం పిల్లలకే దొరికిపోతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

గుంపులుగా నేర్పడం కొత్తేమీ కాదు. 1970లో వైలీ, డ్యూరెల్ అనే ఇద్దరు పరిశోధకులు 37 తోకలు, అంటే మాటల చివర వచ్చే అక్షరాల గుంపులు, నేర్పితే చిన్న తరగతుల్లో వాడే 500 దాకా మాటలు చదవొచ్చని చూపించారు. ఆ 37లో ఐ-జీ-హెచ్-టీ ఒకటి. ఓ-యూ-జీ-హెచ్ లేదు, ఉండదు కూడా, ఎందుకంటే దాని పలుకు నిలకడగా ఉండదు. కాబట్టి రెండు గుంపుల్నీ ఒకేలా నేర్పకూడదు. మొదటిది పాటలా పాడించొచ్చు, రెండోది కూర్చోబెట్టి విడదీయించాలి. నలభై మంది ఉన్న తరగతిలో ఇంత తీరిక ఎక్కడుంది అని టీచర్లు అడిగితే నాకు వాళ్ళ మీద కోపం లేదు, వాళ్ళ ఒత్తిడి నాకు తెలుసు. కానీ ఎక్కించి తెమ్మనడానికి పట్టే సమయమే, చదివి వేరు చేసుకు రమ్మనడానికీ పడుతుంది. హోంవర్క్ అదే, చెప్పే వాక్యం మారితే చాలు.

బుధవారం మళ్ళీ కూర్చున్నాం

మొన్న బుధవారం సాయంత్రం తనని పిలిచి ముందు ఆ రోజు నేను చెప్పింది తప్పని చెప్పాను. తర్వాత డఫ్ సంగతి చెప్పాను. మొదట నమ్మలేదు, డిక్షనరీ తీసి చూపిస్తే "అయితే నేను కరెక్టేనా?" అంది. ఇప్పటి ఇంగ్లిష్‌లో డో అనే అనాలి, కానీ నీలాగే పలికిన ఊళ్ళు ఉన్నాయి అన్నాను. ముఖం వెలిగిపోయింది.

తర్వాత తనే కొత్త కాగితం తీసుకుని నిలువు గీతలు గీసింది. ఫ్ పలికేవి ఒక వరస, ఓ పలికేవి ఒక వరస, ఔ పలికేవి ఒక వరస. ఐదక్షరాల లెక్క వదిలేద్దామా అంటే వెంటనే ఇనఫ్, దో తెచ్చి చేర్చింది. లాఖ్, హాక్ కాగితం అడుగున విడిగా రాసి, ఎప్పుడైనా కనపడితే చూద్దాం అంది.

వెనక్కి తిప్పి ఐ-జీ-హెచ్-టీ మొదలుపెట్టింది. ఐ పలికేవి ఒక పక్క, ఎయిట్, వెయిట్, ఫ్రెయిట్ ఇంకో పక్క. "ఈ ముందుంటే ఇలా పలుకుతుందన్నమాట" అని తనే నియమం కట్టింది. ఆ తర్వాత హైట్ గుర్తొచ్చింది. రాతలో ఈ ఉంది, పలుకు మాత్రం నైట్‌లా ఉంది. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు ఆ మాటకీ రెండు మూడు రకాల పలుకులు, రాతలు ఉండేవి, ఒకరి రాత, ఇంకొకరి పలుకు మిగిలాయి అని చెప్పాను. కాసేపు పెన్సిల్ కొరుకుతూ ఆలోచించింది. చివరికి రెండు వరసల మధ్య గీత మీదే, సగం ఇటు సగం అటు వచ్చేలా హైట్ అని రాసి, "ఇది ఇక్కడే ఉండాలి మామయ్యా" అంది.